చన్నీళ్ల లోతుల్లో మల్లేశ్వరి గారు

సియాటిల్ దగ్గర సముద్రం నడి వేసవిలో కూడా చల్లగానే ఉంటుంది. ఆ నీళ్లలోకి ఇష్టపడి దిగే తెలుగావిడ ఒకరున్నారనీ, వయసు అరవై దాటిందనీ మా ఆఫీసులో ఫణి చెబితే నేను నమ్మలేదు. అప్పుడే అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఉద్యోగం మారి వచ్చాను. హవాయిలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను, సర్టిఫికెట్ కూడా ఉంది. ఎక్కడైనా నీళ్లు నీళ్లే కదా అనుకుని ఆవిడకి ఫోన్ చేశాను.

"అది వెచ్చటి నీళ్ల సర్టిఫికెట్టమ్మా. ఇక్కడ మళ్లీ ఒకటో క్లాసు నుంచే. శనివారం పూల్‌కి రా," అన్నారు నాగమల్లేశ్వరి గారు.

ఆవిడ మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద నిద్రపోతున్న మనుషుల ఊపిరిని కనిపెట్టుకుని ఉండటమే ఆవిడ చేసిన ఉద్యోగం. రిటైరైన కొత్తలో అక్వేరియంలో పెద్ద ఆక్టోపస్‌ని చూశారట. ఇలాంటివి ఇంటికి అరగంట దూరంలో సముద్రంలోనే తిరుగుతుంటాయని అక్కడి గైడు చెబితే, "అయితే నేనే వెళ్లి చూస్తాను" అన్నారట. భర్త కృష్ణమోహన్ గారు వేళాకోళం అనుకున్నారు. ఆయనకు ఈత కూడా రాదు.

మొదటిరోజు చన్నీళ్లు మొహానికి తగలగానే ఆవిడకి ఊపిరి లోపలికి పోవడమే గాని బయటికి రాలేదట. ఒడ్డుకొచ్చి కూర్చున్నారు. రెండోసారీ అంతే. ఇన్నేళ్లు ఇతరుల ఊపిరి చూసిన మనిషి తన ఊపిరికే భయపడిపోయారు. అయినా మానుకోలేదు. రోజూ పొద్దున్నే వంటింటి సింకులో ఐసు ముక్కలు పోసి, గొట్టంతో గాలి పీలుస్తూ మొహం ముంచేవారు. కృష్ణమోహన్ గారు తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడేవారు. క్రమంగా శరీరానికి అలవాటైంది. తర్వాత తనే ఇతరులకు నేర్పడం మొదలుపెట్టారు.

పూల్‌లో నాకు డ్రైసూట్ తొడిగించారు. లోపల దళసరి ఫ్లీస్ బట్టలు, పైన నీరు చొరని తొడుగు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు గట్టిగా పట్టేస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ సూట్ ఒంటిని నొక్కుతుంది, అప్పుడు అందులోకి కాస్త గాలి వదలాలి. నేను ఎక్కువ వదిలాను. గాలంతా కాళ్లలోకి చేరి నన్ను తలకిందులుగా పైకి లేపేసింది. ఆవిడ వచ్చి నా మోకాళ్లు కడుపులోకి ముడిచి, బంతిలా దొర్లించి నిలబెట్టారు. "సముద్రంలో ఇలా ఒక్కసారిగా పైకి తేలితే ఊపిరితిత్తులకే ప్రమాదం. మళ్లీ చెయ్యి," అన్నారు. విసుగన్నది లేకుండా ఎన్నిసార్లు చేయించారో!

చివరికి జనవరిలో ఒక ఉదయం సముద్రానికి తీసుకెళ్లారు. ఒడ్డున నిలబడి అన్నారు: "ముందు పైనే ఉండి మొహం ముంచు. ఊపిరి నెమ్మదించాకే కిందికి. ఒణుకు పుడితే డైవ్ అయిపోయినట్టే. ఎవరు బొటనవేలు పైకెత్తినా ఇద్దరం పైకే. ఎందుకన్నది ఒడ్డున మాట్లాడుకుందాం. సరేనా?"

"సరే ఆంటీ."

"సరే కాదు. నేను చెప్పింది తిరిగి చెప్పు."

చెప్పాను. దిగాం.

నీళ్లు ఆకుపచ్చగా, మసగ్గా ఉన్నాయి. టార్చ్ వెలుగులో, మునిగిపోయిన పాత రేవు దుంగల మీద తెల్లటి జీవులు పూలగుత్తుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఒక దుంగ కింద పీత డొప్పలు కుప్పగా పడి ఉన్నాయి. ఆక్టోపస్ గూటి ముందు అలా ఉంటాయని ఆవిడ ముందే చెప్పారు. లోపల ఎర్రగా ఏదో కదిలింది. టార్చ్ అటు తిప్పాను. సరిగ్గా అప్పుడు మల్లేశ్వరి గారు నా ముందుకు వచ్చి బొటనవేలు పైకెత్తారు.

నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. ఆవిడ కళ్లలో కంగారు లేదు. మధ్యలో ఆగాల్సిన చోట ఆగుతూ, తొందరపడకుండా పైకొచ్చాం.

ఒడ్డుకు చేరాక ఆవిడ ఎడమచెయ్యి చాపారు. "గ్లవ్‌లోకి నీళ్లొచ్చేశాయి. వేళ్లు ఉన్నట్టే తెలియట్లేదు. ఈ ట్యాంకు పట్టీ బకిల్ కాస్త తియ్యమ్మా."

బకిల్ తీసి, గ్లవ్ కూడా లాగాను. ఆ వేళ్లు పాలిపోయి కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒడ్డున కాచుకుని ఉన్న కృష్ణమోహన్ గారు పరుగున వచ్చి దుప్పటి కప్పి, ఫ్లాస్కులోంచి మిరియాల చారు కప్పులో పోసి, ఆవిడ నోటికి తానే అందించారు.

నాకు మనసు ఆగలేదు. "ఇంకొక్క నిమిషం ఉంటే చూసేసేవాళ్లం కదా ఆంటీ?"

"చూసేవాళ్లమే. కానీ ఆ నిమిషంలో నీకేమైనా అయితే? నా బకిలే నేను తీసుకోలేకపోయాను, నిన్నెలా పట్టుకుంటాను? హాస్పిటల్లో కూడా అంతే మనీషా. నా చెయ్యి బాగోలేదనిపిస్తే కేసు వేరేవాళ్లకి అప్పజెప్పేదాన్ని."

ఆవిడ ఇంకాస్త ఓర్చుకుని ఉంటే నాకసలు తెలిసేదే కాదు. కొత్తగా వచ్చిన శిష్యురాలి ముందు, అంత దగ్గరగా వెళ్లి, తన చెయ్యి పనిచేయట్లేదని ఒప్పుకుని వెనక్కి తిరగడం ఎంత కష్టమో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేనైతే పళ్ల బిగువున ఉండిపోయేదాన్ని.

గ్లవ్ కుట్టు దగ్గర చిరిగిందని తేలింది. కొత్తవి కొని, చెయ్యి పూర్తిగా బాగయ్యాక మళ్లీ వెళ్లాం. ఈసారి గూడు దగ్గర ఆవిడ పక్కకు తప్పుకుని నన్ను ముందుకు పంపారు. చీకటిలోంచి ఒక పెద్ద కన్ను నన్ను చూసింది. ఇటుక రంగు చెయ్యి ఒకటి మెల్లగా ముందుకు సాగి, నా టార్చ్‌ని తడిమి, వెనక్కి ముడుచుకుంది.

పైకి రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఒణుకు పుడుతోందా?"

"లేదు ఆంటీ."

"అయితే చెప్పు, ఏం చూశావు?"

కారు దాకా వాగుతూనే ఉన్నాను. అంతకుముందు ఆక్టోపస్‌ని ఎన్నోసార్లు చూసిన మనిషి, ఎప్పుడూ చూడనట్టు ప్రతి మాటా విన్నారు.