ఎర్రదారం కట్టిన రాతిరొయ్య

ఆ రోజంతా నా కాలు ఒకచోట నిలవలేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. ఒడ్డుకు పోయి చూసి వచ్చాను, ఇంట్లో కూర్చోలేక మళ్లీ పోయాను. మా ఆయన సముద్రంలో ఉన్నాడు. సాయంత్రం ఊరి పెద్దలు కూర్చోబోతున్నారు.

చేపలు చేరాలని మా ఊరికెదురుగా సముద్రంలో సిమెంటు దిమ్మెలు దించారు. వాటి చుట్టూ ఎవరూ వల వేయకూడదని ఊరు కట్టుబాటు చేసుకుంది. ఒప్పించింది మా ఆయనే. మనం కాపాడిన రాతిరొయ్యలు పక్కనున్న బోగోలు ఊరి పడవల పాలవుతాయని సగంమంది సణిగారు. అవి ఎక్కడికీ పోవని చూపించడానికి, కట్టుబాటుకు ముందు వేసిన ఆఖరి వలకు తగిలిన గుడ్ల రొయ్య ఒకదానికి మీసం మొదట్లో ఎర్ర నైలాను దారం కట్టి ఆ దిమ్మెల దగ్గరే వదిలాడు. దాని తోక అంచున ఒక గాటు కూడా ఉంది.

అంతకు రెండు రోజుల ముందు బోగోలు వలకు ఒక రాతిరొయ్య పెంకు తగిలింది. మీసానికి ఎర్రదారం. మన రొయ్య బోగోలు పాలైందని ఊరంతా గుప్పుమంది. నేను వాసన చూశాను. కంపు లేదు, లోపల బోలు. పీతలూ రొయ్యలూ కుబుసం విడుస్తాయని మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. దారం కనబడేసరికి ఆ తెలివంతా ఎటు పోయిందో! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒట్టి పెంకు గదన్నా, నీళ్లు లాక్కుపోయినాయి. రొయ్య ఈడనే ఉండాది" అన్నాడు మా ఆయన.

"ఉంటే తెచ్చి చూపించబ్బా" అన్నాడు ఊరి పెద్ద.

అందుకే ఆ పొద్దున దిమ్మెల దగ్గర మునిగి వెతకడానికి పోయాడు. పొద్దు వాలుతుండగా ఒట్టి చేతులతో వచ్చాడు.

"లేదా?"

"ఉండాది. ఆ దిమ్మె సందులోనే. దారం పెంకుతో పోయినా తోక మీద గాటు అట్నే ఉండాది."

"మరి ఎందుకు తేలేదు?"

"ఎవురూ పట్టొద్దని చెప్పింది నేనే గదా. నేనే ఎత్తుకొస్తే ఇంక కట్టుబాటేముండాది?"

పెద్దలు నమ్మలేదు. కట్టుబాటు ఎత్తేశారు. ఒక్క రొయ్యను తెస్తే ఏం పోయేదని ఆయనతో దెబ్బలాడాను.

తెల్లారి పడవలన్నీ దిమ్మెల వైపే పోయాయి, మాది తప్ప. ఇన్నాళ్లూ ఆ రొయ్య అక్కణ్ణుంచి కదలకూడదని మొక్కుకున్నదాన్ని, ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ, "పోవే తల్లీ, బోగోలుకైనా పో" అని గొణుక్కున్నాను.