కుక్క కోసం రైలు దిగినవాడు

పెళ్లైన కొత్తలో, మగ్గం మీద నేసిన చీరలు అమ్ముకురావడానికి గుంటూరు వెళ్తూ మా ఆయన నన్నూ తీసుకెళ్లాడు. మిరపకాయల రోజులు. ఊళ్లో ఘాటుకు తుమ్ములు ఆగలేదు. మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి ఒక ఇంగ్లీషు సినిమాకెళ్లి కూర్చున్నాం. ఎక్కడో మంచుదేశంలో బంగారం వెతుక్కుంటూ పోయే మనిషి, వెంట అతని కుక్క. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఆకలితో మాడిపోతూ కూడా ఆ మనిషి రొట్టెముక్క విరిచి కుక్కకు పెట్టినప్పుడు, పక్కన మా ఆయన ఊపిరి బిగపట్టడం మాత్రం తెలిసింది.

చీరాల దగ్గర మా పల్లెకు తిరిగొచ్చాక ఆయనకు మగ్గం గుంటలో కాళ్లు నిలవలేదు. కాసేపు నేసి లేచేవాడు, వీధిలోకి పోయి నిలబడేవాడు. వీధికుక్క ఒకదానికి తన కంచంలోది పెట్టి మచ్చిక చేసుకున్నాడు. కోలారు బంగారు గనుల్లో మనవాళ్లున్నారట, పోతానన్నాడు. నేనూ వస్తానన్నాను. ఆడవాళ్లకు అక్కడేం పనని కొట్టిపారేశాడు.

ఒక పొద్దున సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. కుక్క వెంటపడింది. రైల్లోకి దాన్ని ఎక్కనివ్వలేదట. బండి కదిలాక అది పట్టాల పక్కన పరిగెత్తడం చూసి, వేగం అందుకోకముందే దూకేశాడు. మోకాలు చితికి, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

మా అత్తగారు కాపడం పెడుతూ, "పెళ్లాన్ని వదిలిపోయావు. కుక్కను వదల్లేకపోయావా?" అంది.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. లేచి పోయి మగ్గం గుంటలో కూర్చున్నాను. అంతవరకు నూలు కండెలు చుట్టడమే నా పని. ఆయన మోకాలు మానేలోగా పోగులు తెంపి, తిట్లు తిని నేత నేర్చుకున్నాను. కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆడేకొద్దీ, ఇక్కడే ఎందుకుండాలి అనిపించేది. ఆయన జబ్బు నాకంటుకుంది.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగాను. "ఈసారి పోతే నన్ను తీసుకుపోతారా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా సరే."

"చూద్దాం," అని ఆయన అన్నం కలుపుకున్నాడు.

మంగళగిరిలో ఒక షావుకారు దగ్గర నేతపని ఉందని తెలిసి, వానలు పడకముందే మగ్గం విప్పి ఎడ్లబండికెత్తాం. అత్తగారు మరిది దగ్గర ఉండిపోయింది. పర్చూరు దాటాక నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కుక్క బండి నీడలో వస్తోంది. ఆయన ముందు నడుస్తున్నాడు. బండి తోలే అతను వద్దంటున్నా నేనూ దిగి ఆయన పక్కన నడిచాను. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.