పెద్ద నేలవేముకు బొట్టు

నర్సీపట్నం సంతలో వేర్లు, ఆకులు అమ్మే అప్పలకొండమ్మ ఏ మందుమొక్కనైనా అడిగే పీకుతుంది. మొదలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, "జబ్బుమనిషికి అవసరమొచ్చింది తల్లీ, ఏటనుకోకు" అని బతిమాలుతుంది. అది వాళ్ల మామ్మ నేర్పిన పద్ధతి. బేరానికొచ్చిన మనుషులకు మాత్రం ఇందులో పావలా వంతు మర్యాద కూడా దక్కదు.

విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తున్న చిన్మయికి నేలవేము మొక్కలు పంపేది ఈవిడే. హెచ్‌ఐవీ వైరస్ పెరగడానికి ఒక ఎంజైము కావాలట. ఆ మొక్కల సారం దాన్ని ఆపుతుందో లేదో ల్యాబులో చూడటం చిన్మయి పని.

"అయితే మందు దొరికేసినట్టేనేటి!" అంది అప్పలకొండమ్మ ఫోన్లో.

"మందు కాదు మామ్మగారూ, పరీక్షే! ఆసుపత్రి మాత్రలు ఎవరూ మానకూడదు. సంతలో ఎవరికీ చెప్పకండి."

"సెప్పన్లే. పక్కకొట్టు తాతబ్బాయికి తప్ప."

మొదటి ఫలితం అదిరిపోయింది. గైడు సోమయాజులుగారు స్వీట్లు పంచేశారు. పంచాక ఆయనకు అనుమానం వచ్చింది. ఆకుపచ్చగా ఉండాల్సిన సారం నలుగుపెట్టిన పెళ్లికూతురిలా పసుపుగా మెరుస్తోందేమిటి? రంగును బట్టి లెక్క చెప్పే మిషను దీన్ని చూసి మోసపోలేదు కదా?

చిన్మయి నర్సీపట్నం వచ్చి, అప్పలకొండమ్మతో కలిసి ఆటోలో నాతవరం వైపు పొలంగట్లకు వెళ్లింది. అక్కడ ఆవిడ పసుపు పొట్లం విప్పగానే చిన్మయి నెత్తి పట్టుకుంది.

"ఇదా సంగతి! నేను మొక్కలు కడిగానే!"

"నీళ్లకి పోద్దేటి? నా కాళ్లకెట్టిందే పోదు."

"ఈసారి పసుపు లేకుండా పీకండి మామ్మగారూ. లేకపోతే నా థీసిస్ మునిగిపోతుంది."

"అడక్కుండా పీకడానికి నానేటి దొంగనా?"

ఇద్దరూ చెరోవైపు తిరిగి గట్టు మీద కూలబడ్డారు. ఆటో తోలే చినబాబు హారన్ మోగించాడు.

"బేగి రా అత్తా! పెళ్లిపిలుపులకి కూడా ఇంతసేపవ్వదు!"

అప్పలకొండమ్మ దిగ్గున లేచింది.

"పాపా, పెళ్లికి పిలవడానికెళ్తే ఇంట్లో ఎవరికి బొట్టెడతాం?"

"పెద్దావిడకి."

"ఆవిడకెడితే ఇంటిల్లిపాదికీ పిలుపే గదా!"

గట్టు చివర గుబురుగా పెరిగిన పెద్ద నేలవేముకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. "నీ పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్తన్నాం, ఏటనుకోకమ్మా" అంది. తర్వాత కాలువలో సబ్బుతో చేతులు కడుక్కుని, దూరంగా ఉన్న చిన్న మొక్కల్ని పీకింది. పెద్దదాని జోలికి పోలేదు.

ఈసారి సారం రంగు బాగానే ఉంది. పనే అంతంతమాత్రం. చిన్మయి భయపడుతూనే ఫోన్ చేసింది.

"మొక్క పెద్దగా పనిచెయ్యలేదు మామ్మగారూ. కానీ ఈ లెక్క నిజమైనది. థీసిస్‌లో ధైర్యంగా రాసుకుంటాను."

"నీ సదువు నిలబడింది, అది సాలు" అంది అప్పలకొండమ్మ. "మొక్కనేటీ అనకు పాపా. పెళ్లికొచ్చినోళ్లందరూ పని సేత్తారేటి? కొందరు తినేసి ఎల్లిపోతారు."