భాయ్ జేబులో మిగిలిన గింజ

మొన్న మా పరుగుల క్లబ్ అధ్యక్షుడు నేను రాసిచ్చిన సన్మాన పత్రాన్ని సవరించి తిప్పి పంపాడు. వచ్చే ఆదివారం తెనాలిలో మా భాయ్‌కి సన్మానం. శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ అన్నీ సిద్ధం. ఫ్లెక్సీలో భాయ్ ఫొటో తపాలా బిళ్లంత, అధ్యక్షుడి ఫొటో తలుపంత. దానికైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ పత్రంలో నేను రాయని వాక్యం ఒకటి చేరింది: ‘సూర్యలంక పరుగులో ఒక చిన్న పొరపాటు చేసినా, ఆయన సేవను క్లబ్ మరిచిపోలేదు.’ పొరపాటు చేసింది భాయ్ కాదు, నేను. నాలుగేళ్లుగా నోరు మూసుకున్నవాణ్ణి, ఆ వాక్యం చదివాక ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. మండేది క్లబ్ మీద కొంత, నా మీద చాలా.

భాయ్‌ది నందివెలుగు రోడ్డులో సైకిల్ షాపు. డాక్టర్లు భయపెడితే పొట్టలు మోసుకుంటూ పరుగు మొదలుపెట్టిన నలుగురం సరిగ్గా ఆయన షాపు దగ్గరికి వచ్చేసరికి చతికిలబడేవాళ్లం. ఆయన కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చేవాడు. నెల తిరిగేసరికి మోపెడ్‌కి నీళ్ల క్యాన్లు కట్టుకుని మా వెనకే రావడం మొదలుపెట్టాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ‘నువ్వూ పరిగెత్తు భాయ్’ అంటే, ‘అందరూ ముందుకెళ్తే వెనకెవరుంటారండి’ అనేవాడు. అరవై దాటిన మనిషి మమ్మల్ని ‘అండి’ అనేవాడు. ఆయనకంటే పదేళ్లు చిన్నవాళ్లం మేం ‘నువ్వు’ అనేవాళ్లం. అది తప్పని అప్పుడు ఒక్కరికీ తోచలేదు.

ఆయన లెక్కంతా చింతగింజలతో. బయలుదేరేటప్పుడు మనిషికో గింజ జేబులో వేసుకునేవాడు. చివరి మలుపులో నీళ్లు పెట్టుకుని నిలబడి, ఒక్కొక్కరు దాటగానే ఒక్కో గింజ రోడ్డు పక్కకి విసిరేసేవాడు. జేబు ఖాళీ అయ్యేదాకా కదిలేవాడు కాదు. చేతి గడియారాల్లో గుండె చప్పుళ్లు లెక్కపెట్టుకునే మాకు అది పెద్ద వేళాకోళం. ‘ఈ గింజలన్నీ మొలిస్తే రోడ్డంతా చింతతోపే భాయ్’ అనేవాళ్లం. ‘మొలిస్తే మీకే నీడ కదండి’ అనేవాడు.

నాలుగేళ్ల కిందట వేసవిలో ఓ పొద్దున్నే రైల్లో బాపట్ల చేరి, అక్కణ్ణించి సూర్యలంక సముద్రం దాకా పరిగెత్తాం. ముప్పై రెండు మందిమి. భాయ్ క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీదే వచ్చాడు. ఒడ్డుకి చేరగానే గ్రూప్ ఫొటో దిగాం. సెక్రటరీని కదా, ఫొటోలో తలకాయలు లెక్కపెట్టాను. సరిగ్గా ముప్పై రెండు. క్యాన్లు తెచ్చెయ్యమని భాయ్‌కి ఫోన్ చేశాను.

‘ఒక గింజ ఉందండి సార్. రేపల్లె మాస్టారు ఇంకా రాలేదనుకుంటానండి.’

‘ఫొటో నా చేతిలో ఉంది, అందరూ వచ్చేశారు. సెక్రటరీ నువ్వా, నేనా? ఇక్కడ నీళ్లకి చస్తున్నారు, వచ్చెయ్.’

వచ్చాడు. క్యాన్లు దించాడు. మా మొహాలన్నీ ఒకసారి చూసి, బండి వెనక్కి తిప్పాడు. మాస్టారంటే రేపల్లె నుంచి వచ్చి మాతో పరిగెత్తే రిటైర్డ్ టీచరు. ఆయన సరుగుడు తోట పక్కన ఎండదెబ్బ తగిలి పడిపోయి ఉన్నాడు. భాయే ఆటోలో వేసి బాపట్ల ఆసుపత్రికి చేర్చాడు. ఫొటోలో ముప్పై రెండో తలకాయ మాకు టీషర్టులు కుట్టించిన దాతగారి బావమరిదిది. కారులో వచ్చి, క్లబ్ టీషర్టు తొడుక్కుని ముందు వరసలో నిలబడ్డాడు. ఆ చొక్కా మీద చెమట చుక్క లేదు. నేను తలకాయలే చూశాను.

ఆసుపత్రి వరండాలో మాస్టారి భార్య అడిగింది: ‘వెనకాల ఉండాల్సిన మనిషెవరండి?’

‘ఆ డ్యూటీ భాయ్‌దమ్మా’ అన్నాడు అధ్యక్షుడు. భాయ్ నా వంక చూశాడు, ఒక్కసారే. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడలేదు.

భాయ్ తన మెడలోని క్లబ్ విజిల్ తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నిర్లక్ష్యం వల్ల తొలగించడమైనది అని తీర్మానం రాసిందీ నేనే, మంచి దస్తూరీ అని. మరుసటి ఆదివారం ఆయన షాపు ముందు నీళ్లతో నిలబడే ఉన్నాడు. ‘నువ్విప్పుడు క్లబ్‌లో లేవుగా భాయ్’ అని ఒకాయన వెటకారమాడితే, ‘దాహానికి క్లబ్బేంటండి’ అన్నాడు. క్యాన్లు మోసేవాడు ఇంకొకడు దొరక్క కొన్నాళ్లకి మళ్లీ పిలిచారు. వచ్చాడు. తీర్మానం మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆ వాక్యం తీసెయ్యమని అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, ‘శుభమా అని సన్మానం చేస్తుంటే పాత గొడవెందుకండీ? మనం క్షమించినట్టు కూడా ఉంటుంది’ అన్నాడు. క్షమించడమట. తిన్నగా భాయ్ షాపుకెళ్లి, జరిగింది జరిగినట్టు వేదిక మీద చెప్పేస్తానన్నాను. ఆయన ట్యూబుని తొట్టి నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూస్తున్నాడు.

‘నాకెందుకండి, నాకు తెలుసుగా’ అన్నాడు. ‘రేపల్లెలో అమ్మగారికి చెప్పండి.’

నిన్న రేపల్లె వెళ్లాను. మాస్టారు ఆ రోజు బతికారు గానీ మళ్లీ పరిగెత్తలేదు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆవిడ అంతా విని, కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

‘బత్తాయిలు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు బాబూ. గేటు తియ్యలేదు నేను. ఆ నీళ్ల భాయ్ ఒక్కసారైనా చూడ్డానికి రాలేదేమే అని మావారు అడిగేవారు. రాలేదనే చెప్పాను.’ కళ్లజోడు పెట్టుకుని, ‘ఈ ముక్క ఆయనుండగా చెప్పకపోయావా?’ అంది.

లేచి వచ్చేశాను. ఆదివారం ఈ కాగితమే చదువుతాను. మైకు లాక్కుంటే గొంతెత్తి చదువుతాను. సన్మానానికి రావడం ఎన్నింటికని అడిగితే భాయ్, ‘పరుగయ్యాక, జేబు ఖాళీ అయ్యాక వస్తానండి’ అన్నాడు. చివరివాడు వచ్చేదాకా నిలబడటం ఆయన అలవాటు, నా కోసం నాలుగేళ్లు నిలబడ్డాడు. మాస్టారి కోసం కాలం అలా నిలబడలేదు.