వాలే ముందు ఒక మాట

మస్కట్ నుంచి వస్తున్న విమానంలో ముందు సీటాయన చెప్పాపెట్టకుండా వెనక్కి వాలాడు. నా బల్ల మీది టీ గ్రంథాలయం పుస్తకం మీద ఒలికింది. నా చదువంతా శ్రీకాకుళంలోని ఆ గ్రంథాలయంలోనే సాగింది. ఇంతవరకు ఏ పుస్తకాన్నీ మరకతో తిరిగివ్వలేదు. సీటు కాస్త లేపమని అడిగాను.

"బటన్ ఉన్నది వాల్చుకోవడానికే కదండీ," అన్నాడు కదలకుండా.

నా పక్కన కూర్చున్న నరసన్నపేట వెల్డరుకు ఒళ్లు మండింది. ఆయన బావ సరిగ్గా ఆ పెద్దమనిషి ముందు సీట్లోనే ఉన్నాడు.

"ఒరే బావా, నువ్వూ ఎనక్కి వాల్సీరా, ఈయనకి తెలుస్తాది!"

బావ బటన్ మీద వేలుపెట్టాడు గాని నొక్కలేదు. వెనక్కి తిరిగి, "బాబూ, వాలమంటారా? మా పేట బస్సులో అడక్కుండా ఎవులూ వాలరు," అన్నాడు.

ముందు సీటాయన తన సీటు నిటారుగా లేపుకున్నాడు. బావ కూడా వాలలేదు. తడిసిన పుటలు విప్పి ఆరబెట్టుకోవడానికి నాకు చోటు దొరికింది.

వాల్చుకోవడం టికెట్టు కొన్నవాడి హక్కని నేనూ చదివాను. ఆ మాట మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు ఏ విమానమెక్కినా వెనక్కి తిరిగి అడిగాకే వాలుతున్నాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ.