ఢావ్లోకి డప్పు కట్టిన మొనగాడు

నా చేతుల మీదుగా ఒక ఆడపిల్ల అప్పగింతలు బరాత్‌గా మారిపోయిన వైనం ఇవాళ చెప్పేస్తాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఉప్పల్‌లో సగం మంది ఇప్పటికే నవ్వేశారు.

అప్పట్లో నేను నాచారంలో ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుని. పుట్టుకతోనే నాకు కుదురు లేదు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే రకం. పాటలో రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తే చాలు, కాలు ఆడించడం మొదలుపెడతాను. దానికి తోడు ఆ రోజుల్లో ఒక పూనకం పట్టుకుంది. అంతరించిపోతున్న భాషలన్నిటినీ సంగీతంతో బతికించాలట! ఎవరూ అడగలేదు. అయినా బతికించి తీరాలనుకున్నాను.

సరిగ్గా అప్పుడే, మా స్టూడియోలో ఎడిటింగ్ చేసే సునీత వచ్చి పక్కన కూలబడింది. లంబాడా పిల్ల, పుట్టి పెరిగిందంతా ఉప్పల్‌లోనే.

"రాఘవన్నా, పది దినాల్ల పెండ్లి. మా నాయనమ్మ ఢావ్లో పాడాల్సిందే అంటున్నది."

ఢావ్లో అంటే, అత్తారింటికి వెళ్లే పెళ్లికూతురు అయినవాళ్లను ఒక్కొక్కరినీ మెడ చుట్టూ పట్టుకుని, పేరుపేరునా తలుచుకుంటూ ఏడుస్తూ పాడే పాట.

"పాడితే పోలా?" అన్నాను.

"మా బాస నాకు సమజైతది గానీ మాట్లాడరాదన్నా. మా ఇంట్ల ఇగ ఢావ్లో వచ్చింది నాయనమ్మకొక్కదానికే. తనతోనే పోతదని ఆమె ఫికర్. ఒక్కసారి నా నోట ఇంటే చాలంటది."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "దానికింత దిగులెందుకు? అవ్వ గొంతు రికార్డు చేద్దాం. ముఖం మీద ముసుగు ఉంటుందిగా, నువ్వు పెదాలు కదిలిస్తే చాలు!"

చూశారా? మామూలు మనిషికి ఇలాంటి ఆలోచన చచ్చినా రాదు. పొద్దున లేస్తే ఒకరి మూతికి ఇంకొకరి గొంతు అతికించే మాలాంటివాళ్లకే వస్తుంది.

ఊరికే దాచిపెట్టుకోవడానికని చెప్పి సునీత నాయనమ్మ సోమ్లి అవ్వను స్టూడియోకి తీసుకొచ్చాం. ఆవిడ మైకును కిందినుంచి పైదాకా చూసింది.

"దీన్ని పట్టుకొని ఎట్ల ఏడ్వాలె? మెడ ఏది దీనికి?"

ఇక చేసేదేముంది, నా మెడ ఇచ్చాను. "నువ్వే మా అన్నవనుకుంట" అని పట్టుకుని మొదలుపెట్టింది. ఎప్పుడో చనిపోయిన అన్న పేరు పిలిచి పాడుతుంటే నా చొక్కా భుజం తడిసిపోయింది. కానీ ప్రతి వరుసకీ ఆగుతోంది. నా కాలు ఆడటం మొదలైంది.

"అవ్వా, మధ్యలో ఆగకుండా పాడకూడదా?"

"నేనాగకపోతే నువ్వెప్పుడు ఏడుస్తవ్ కొడుకా? గా సందు నీది."

ఆ మాట చెవిన పడింది, బుర్రకెక్కలేదు. మర్నాడు కూర్చుని ఆ సందులన్నీ కత్తిరించేశాను. వెక్కిళ్లు రొదలా అనిపించి వాటినీ తుడిచేశాను. తీరా వింటే పాట బోడిగా ఉంది. అందుకని నాలుగో వరుస నుంచి కింద డప్పు పెట్టాను. మంచి హుషారైన డప్పు! వినిపించమని సునీత అడిగితే, "పెళ్లిలో విందువుగానీ" అని ఊరించాను.

ఉప్పల్ ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం అప్పగింతలు. ముసుగులో సునీత వాళ్ల అన్న మెడ పట్టుకుంది. నేను డీజే పక్కన నిలబడి సైగ చేశాను. మొదటి మూడు వరుసలకు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నేను కాలర్ సర్దుకున్నాను. నాలుగో వరుసకి డప్పు పడింది.

భోజనాలైన దగ్గర్నుంచి ఆవలిస్తూ కూర్చున్న పెళ్లికొడుకు దోస్తులు ఒక్కసారిగా లేచారు. "మామా, పాట మస్తుందిరా!" అంటూ ఒకడు నోట్లో రుమాలు పెట్టుకుని చిందులు మొదలుపెట్టాడు. డీజే ఉత్సాహంగా పొగ వదిలాడు. సందులు లేని పాట పరుగెడుతుంటే సునీత పెదాలు అందుకోలేక వెనకబడ్డాయి.

"గిదేందన్నా? ఆపు!" అంది ముసుగులోంచి.

నేను డీజే మీద పడ్డాను. "ఆపు బాబూ!"

"పోరగాళ్లు ఊపు మీదున్నరు. ఇప్పుడాపితే నన్ను కొడతరు!"

ఈలోగా అవ్వే లేచి వచ్చి, స్పీకరు వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"మా అన్న పేరు జెప్పి ఏడిస్తి నేను. దానికి ఎగురుతున్రా?"

చిందులు ఆగిపోయాయి. పాటను అందుకోవాలన్న కంగారులో సునీత పెదాలు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఫ్యాను గాలికి ముసుగు తొలగి, అవ్వతో సహా అందరూ చూశారు.

"అంటే పిల్ల నోట్ల మన మాటే లేదన్నట్టు" అంది అవ్వ, మెల్లగా. తిట్టినా బాగుండేది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

సునీత ముసుగు తీసేసి అవ్వ మెడ పట్టుకుంది. "యాడీ..." అంది. అమ్మా అని. ఆపై ఏమనాలో తెలియలేదు. అవ్వ చెవిలో తర్వాతి మాట అందించింది. సునీత తప్పు పలికింది. అవ్వ ఏడుస్తూనే దిద్దింది. ఇంకో మాట. ఇంకో తప్పు. ఒక వరుస పూర్తయ్యాక పిల్ల ఆగింది, ఆ సందులో అవ్వ భోరుమంది. రుమాలు కుర్రాడు అదే రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

ఇదే అదనని మెల్లగా జారుకోబోతుంటే అవ్వ కేకేసింది. "ఏడికి బోతవ్? ఇటు రా!" నా మెడ దొరకబుచ్చుకుని కొత్త వరుసలు కట్టి పాడింది. ఏడుస్తున్న ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఏమంటోంది?" అన్నాను సునీతతో.

"ఏడుపు కింద డప్పు పెట్టినోడా, రేపు నీ బిడ్డ అప్పగింతలకు ఎవరెగురుతరో సూస్త అంటున్నదన్నా."

ఆ ముక్క అందరి ఫోన్లలోకీ ఎక్కింది. అంతవరకూ సొంత భాషలో ఒక్క మాట రాని సునీత చెల్లెళ్లు, మేనకోడళ్లు ముందు నన్ను తిట్టే చరణం నేర్చుకున్నారు, తర్వాత మిగతా పాట. ఇప్పుడు వాళ్లింట్లో ఏ పెళ్లయినా అమ్మా నాన్నల తర్వాత పిలిచేది నా పేరే. ఆ చరణం తీసేయించమని మొన్న అవ్వను బతిమాలాను.

"అది తీస్తే పోరీలు పాట మరుస్తరు కొడుకా" అంది.

అందుచేత, పాఠక మహాశయులారా, నా రెండు చెవుల మీదా ఒట్టేసి ప్రకటిస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఎవరి ఏడుపు కిందా డప్పు పెట్టను. నా మీద రెండో చరణం పుడితే తట్టుకునే శక్తి నాకు లేదు.