కనబడని అతుకు

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరంలోని ఆ ఊళ్లో మగవాళ్లు వలలో పడ్డ గుడ్లున్న లాబ్‌స్టర్ రొయ్య తోకకు, ఇంకెవరూ దాన్ని పట్టకుండా, గాటు పెట్టి సముద్రంలోకి వదిలేస్తారు. అక్కడి కేన్సరు పరిశోధనాలయంలో అల్తియా బంకర్ చిట్టెలుకల చెవులకు గాట్లు పెడుతుంది, నంబర్ల కోసం. మొగుడు ఓరిన్ గాటును సముద్రంలో ఎవరూ ప్రశ్నించరు. తన గాటును మాత్రం కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరూ భూతద్దం పెట్టి చూస్తాడని ఆమె బాధ.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఒకే వంశం తెల్ల ఎలుకల్ని, తోబుట్టువులనే జత కట్టిస్తూ పెంచింది. అందుకని అవన్నీ కవలల్లాంటివి. ఒకదాని రొమ్ము కణజాలాన్ని ఇంకోదాని రొమ్ము కొవ్వులో పెడితే ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు. అది కేన్సరుగా మారుతుందేమో తీరిగ్గా చూడొచ్చు.

కుర్ర డాక్టరు విట్‌కోమ్ అలా పెట్టిన పది కణజాలం ముక్కల్లో తొమ్మిది చచ్చిపోయాయి. బయటి ఎలుకేదో దూరి వంశం చెడిందన్నాడాయన. పరీక్షకు ఆరు ఎలుకల వీపుల మీద ఒకదాని చర్మం ముక్క ఇంకోదానికి అతికించాడు. అవి ఊడిపోతే వంశం చెడినట్టే, నాలుగొందల ఎలుకల్నీ చంపెయ్యాలి.

ఆ శనివారం రాత్రి, ఆ ఊరి అలవాటు ప్రకారం వండిన బీన్స్ ముందు కూర్చుని అల్తియా ఆ డాక్టరును తిట్టిపోసింది.

"నా పుట్టుక మీద మీ అమ్మ ఇంతకంటే ఎక్కువ అనుమానపడింది. అప్పుడు నీకింత కోపం రాలేదే," అన్నాడు ఓరిన్.

నెల తర్వాత విట్‌కోమ్ ఆరింటినీ తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా అతుకు కనబడలేదు.

"ఊడిపోయాయమ్మా. ఒక్కటీ నిలవలేదు," అంటూ రిజిస్టరు తెరిచాడు.

పదోరోజు పట్టీలు విప్పింది అల్తియానే. అప్పుడవి నిక్షేపంగా ఉన్నాయి.

"ముక్కను ఎటు తిప్పి పెట్టారు, డాక్టరు గారూ?"

"తిప్పడమేంటి? వెంట్రుకలు వరసగా ఉండేట్టు చక్కగా పెట్టాను."

వెంట్రుకలు ఎదురు తిరిగేలా పెట్టడం అక్కడి ఆనవాయితీ. లేకపోతే తెల్ల ఎలుక మీద తెల్ల చర్మాన్ని దేవుడు కూడా పోల్చుకోలేడు. అల్తియా దూది తడిపి ఒక ఎలుక వీపు రుద్దింది. బొచ్చు అణిగి, గోరంత చదరం చుట్టూ సన్నటి గీత బయటపడింది. మిగతా అయిదింటికీ అంతే.

"ఊడిపోతే అక్కడ బోడిమచ్చ పడేది. వీటిలో బోడిదేది, చూపించండి."

విట్‌కోమ్ రిజిస్టరు మూసేశాడు. మరి తన కణజాలం ఎందుకు చచ్చిందని అడిగాడు.

"వంశం మంచిదని తేలిందిగా నాయనా, ఇక మిగిలింది మీ చెయ్యే. ఆ కణజాలం ముక్కల గిన్నెను హీటరు మీద పెట్టి కాఫీకి వెళ్తారు చూశారూ, ఈసారి అది మాని చూడండి."